ఎవరి ముఖమూ చూడకుండా

ఏరు పొంగి ఆకుకూరల ప్లాస్టిక్ పందిళ్లన్నీ వంతెన దాకా కొట్టుకుపోయిన ఏడాది అది. ఆ ఏడాది చలి ముదిరే వేళ, క్యాబేజీలకు ఉప్పు పట్టించే రోజునే లియెన్‌కు పౌరసత్వం ఇంటర్వ్యూ పడింది. ఇది రెండోసారి.

ఆ రోజు కొరియా పల్లెల్లో ఏ కోడలూ ఇల్లు కదలదు. చలికాలమంతా తినాల్సిన కిమ్చీ, ఆ క్యాబేజీ పచ్చడి, అప్పుడే పెట్టుకోవాలి. లియెన్ తెల్లారకముందే లేచి, పెరట్లో రబ్బరు తొడుగులు వేసుకుని కూర్చుంది. క్యాబేజీని నిలువునా చీల్చడం, ఆకు ఆకుకీ మధ్య గుప్పెడు ఉప్పు చల్లడం, తొట్టిలో బోర్లించడం. చేతులు ఆ పని చేస్తుంటే నోరు జాతీయగీతం పాడుతోంది.

అరుగు మీంచి అత్తగారు తొంగిచూసింది. "ఉప్పు పెట్టమంటే పాటలు పాడుతున్నావేంటే? క్యాబేజీకి దేశభక్తి ఎక్కించాలా?"

"ఇంటర్వ్యూలో పాడమంటారు అత్తయ్యా."

"నాకు ఇప్పటికీ రెండో చరణం రాదు. నన్నెవరైనా గెంటేశారా?"

లియెన్ ఇంకో క్యాబేజీ అందుకుంది. అత్తయ్యను ఎవరూ గెంటరు. తననే గెంటొచ్చు. వియత్నాం నుంచి పెళ్లికూతురుగా వచ్చిన రోజు నుంచీ ఆమె ఈ నేల మీద ఉండటం మొగుడి సంతకం మీద ఉండటమే. వీసా గడువు తీరినప్పుడల్లా కిహ్వాన్ ఆఫీసుకు వచ్చి, ఈమె నా పెళ్లామే, ఉండనివ్వండి అని సంతకం పెట్టాలి. ఆ గడువు దగ్గర పడిందంటే చాలు, అతని నడకే మారిపోయేది. పులుసులో ఉప్పు తక్కువైందని గిన్నె పక్కకు తోసేవాడు. వరదకు ముందు, ముల్లంగి ముక్క నములుతూ, పిల్ల బోరం ఎదురుగానే అన్నాడు: "ఈసారి సంతకం పెట్టను. మీ ఊరికి పో. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది." మర్నాటికి అతను మరిచిపోయాడు. బోరం మరిచిపోలేదు. ఆ రాత్రి నుంచి తల్లి చొక్కా కొస పట్టుకునే నిద్రపోతోంది. లియెన్ ఇంటర్వ్యూకి మళ్లీ పేరిచ్చింది అందుకే.

మొదటిసారి తప్పడానికి పాట కారణం కాదు. పాట బాగానే పాడింది. "మీ పక్కింటివాళ్లు చట్టం వద్దన్నా పొలంలో ప్లాస్టిక్ తగలబెడుతున్నారు. మీరేం చేస్తారు?" అని అడిగారు. "మా ఆయన్ని అడుగుతాను" అంది. మంచి కోడలు చెప్పే మాట అదే అనుకుంది. ఇంటికొచ్చి చెప్తే అత్తగారు తొడ చరిచింది. "సరిగ్గానే చెప్పావు కదే! వాళ్లకే బుద్ధి లేదు." ఏ మాట అంటే ఇంట్లో మంచిదనిపించుకుంటుందో, ఆ మాటకే దేశం వద్దంది. లియెన్ ఆ సంగతే చాలాకాలం ఆలోచించింది, ఆకులు కోస్తూ, గిన్నెలు తోముతూ.

క్యాబేజీలన్నీ తొట్టిలో బోర్లించి ఆమె లేచింది. "తిప్పి వెయ్యడం ఎవరు చేస్తారే?" అని అత్తగారు కేక పెట్టింది.

"మీ అబ్బాయి ఉన్నాడుగా అత్తయ్యా. చేతులున్నాయిగా."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. తొడుగులు విప్పేసి వెళ్లి బస్సెక్కింది.

ఇంటర్వ్యూలో ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు, కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ, బట్టతలాయన. పాట అయింది. తర్వాత ఆవిడ అడిగింది. "చట్టబద్ధ పాలన అంటే ఏమిటి?"

"చట్టం అందరికీ ఒకటే. దేశాధ్యక్షుడైనా సరే దానికి లోబడాలి."

"అది పుస్తకంలో మాటమ్మా. మీకేం అర్థమైందో చెప్పండి."

లియెన్ తల వంచుకుంది. తొడుగుల్లోకి దిగిన ఉప్పునీళ్లకు గోళ్లు ఇంకా చురచురమంటున్నాయి. తనకేం అర్థమైంది? ఈ దేశంలో ఆమె భాష కంటే ముందు నేర్చుకున్నది ముఖాలు. మామగారి తద్దినానికి పొద్దుట్నించి అట్లు కాల్చి, మగవాళ్లు మొక్కుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరి కనుబొమ్మ ముడిపడిందో చూసి వడ్డించడం. కిహ్వాన్ ట్రక్కు తలుపు వేసే చప్పుడును బట్టి పిల్లను పక్కగదిలోకి పంపడం. సోమవారం నవ్విన మాటకే బుధవారం గిన్నె ఎగిరేది. అమ్మతో ఫోన్లో మాట్లాడటం ఒకరోజు ఒప్పు, ఒకరోజు తప్పు. ఏ రోజు ఏదో ముందు ఎవరూ చెప్పరు. ముఖం చూసి తెలుసుకోవాలి. అలా చూసీ చూసీ తన ముఖం ఎలా ఉంటుందో తనే మరిచిపోయింది.

"మా ఇంట్లోనూ కట్టుబాట్లున్నాయండీ," అంది నెమ్మదిగా. "కానీ అవి ముఖాలను బట్టి మారతాయి. చట్టం ఉన్నచోట ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఎదుటివాళ్లు మొహం చిట్లించుకున్నా నాకు రావాల్సింది నాకు వస్తుంది. నాకు తెలిసింది అంతే."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. బట్టతలాయన పోయినసారి ఇంటర్వ్యూ కాగితాల్లోంచి తలెత్తాడు. "మరి పక్కింటివాళ్లు కాదు, మీ ఆయనే ప్లాస్టిక్ కాలిస్తే?"

కాలుస్తాడు. ప్రతి వసంతంలోనూ కాలుస్తాడు.

"ముందు ఆయనకి చెప్తాను. వినకపోతే మీకు చెప్తాను. ఆయన్ని మాత్రం అడగను."

మంచు కరిగే రోజుల్లో ఆమె నలుగురితోపాటు నిలబడి ప్రమాణం చేసి, పౌరసత్వ పత్రం తీసుకుని ఇంటికొచ్చింది. అప్పటికే గుమ్మంలో ఇరుగమ్మలు ఉన్నారు. "ఇంకేముంది, కాగితం వచ్చింది. పిట్ట ఎగిరిపోతుంది," అంది ఒకామె, లియెన్‌కు భాష రానట్టే. రాత్రి భోజనాల దగ్గర అత్తగారు బొత్తిగా పులుసు ముట్టలేదు. కిహ్వాన్ తిన్నాడు గానీ తలెత్తలేదు. ఆఖరికి అడిగాడు.

"ఎప్పుడు?"

"ఏం ఎప్పుడు?"

"వెళ్లిపోయేది."

లియెన్ అతన్ని చూసింది. అతని గొంతులో బెదిరింపు లేదు, భయం ఉంది. జాలి కలగబోయింది. ఆపుకుంది.

"బోరం నాన్నా, నేనెక్కడికి వెళ్తాను? ఇది నా ఊరు. ఇన్నాళ్లూ నువ్వు ఉండమంటే ఉన్నాను. ఇకమీదట నాకు ఉండాలనిపిస్తే ఉంటాను. గిన్నె ఎగిరిన రోజు అనిపించదు. పిల్ల ఎదురుగా మీ ఊరికి పో అని మళ్లీ అన్న రోజు, పిల్లతో సహా వెళ్లిపోతాను."

"ఎంత మాటంటోందిరా ఇది!" అంది అత్తగారు.

మర్నాడు పొద్దున లియెన్ మంచి కోటు వేసుకుని, బోరం చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. పిల్లను బడి బస్సెక్కించి, గుర్తింపు కార్డుకు వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్లాలి. చూస్తే గేటుకు అడ్డంగా ట్రక్కు ఉంది. లోపల కిహ్వాన్ కూర్చుని ఉన్నాడు. ఎప్పటినుంచి కూర్చున్నాడో, అద్దాల నిండా ఆవిరి పట్టింది.

"నాన్నకి పిచ్చెక్కిందా అమ్మా?" అంది బోరం.

లియెన్‌కు నవ్వొచ్చింది. గేటు పక్క గోడ నడుమెత్తు కూడా లేదు, పిల్లను ఎత్తి దాటించి తనూ దాటొచ్చు. దాటలేదు. వెళ్లి ట్రక్కు అద్దం మీద వేలితో కొట్టింది. అద్దం కిందికి దిగింది. రాత్రంతా నిద్రలేని ముఖం. ఆ ముఖంలో ఏముందో ఆమె వెతకలేదు.

"నేను గేటులోంచే వెళ్తాను. గేటులోంచే వస్తాను," అంది. "అడ్డం తియ్యి."

కిహ్వాన్ అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచాడు. తర్వాత ట్రక్కు వెనక్కి తీశాడు.