ముప్పై ఒక్క ముద్రలు

బడులకు వేసవి సెలవులిచ్చే వారం వచ్చిందంటే ఓబుళప్పకు ఒంట్లో హుషారు పుట్టేది. హిందూపురం బజారు వెనక సందులో ఉన్న చిన్న గ్రంథాలయానికి ఆయన పదకొండేళ్లుగా లైబ్రేరియన్. ఏడాదంతా ఆయన పని ముద్రలు కొట్టడం, చిరిగిన అట్టలు అతికించడం, పేపరు కోసం పోట్లాడుకునే పెద్దమనుషులకు దాన్ని పేజీలుగా విడదీసి పంచడం. ఈ ఒక్క వారం మాత్రం ఆయన ఊరికి సలహా చెప్పేవాడు. వాకిట్లో నల్లబల్ల నిలబెట్టి, దాన్ని మూడు భాగాలు చేసి, పిల్లలకు, పడుచువాళ్లకు, పెద్దలకు అని పైన రాసి, సెలవుల్లో ఎవరెవరు ఏమేం చదివితే బాగుంటుందో కింద గుండ్రటి అక్షరాలతో వరసగా రాసేవాడు.

ఆయన ఒంటిమనిషి. మనుషులతో ఎదురుగా కూర్చుని మాట్లాడ్డం కంటే వాళ్లు తిరిగిచ్చిన పుస్తకాన్ని తిరగేస్తేనే వాళ్లు బాగా అర్థమవుతారని ఆయన నమ్మకం. పిల్లల పుస్తకాల్లో బెల్లం వేళ్ల మరకలుండేవి. ఆ మరకలు ఏ పేజీలో ఆగిపోతే అక్కడ పిల్లవాడు ఆ కథ మీద విసుగెత్తి లేచిపోయాడన్నమాట. పడుచువాళ్ల పుస్తకాలను బల్లమీద నిలబెట్టి వదిలితే తమంతట తామే ఒక చోట తెరుచుకునేవి. అక్కడేముందో చదవనక్కర్లేదు, ఊహించుకోవచ్చు. పెద్దలు జాగ్రత్తపరులు, జాడ వదలరు. వాళ్ల విషయంలో మాత్రం వెనక అట్టకు అంటించిన గడువు చీటీ మీది ముద్రలే ఆయనకు ఆధారం.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఎనిమిదేళ్లుగా ఓబుళప్ప ఏ నవలనూ చివరిదాకా చదవలేదు. మొదలుపెట్టి పది పేజీలు పోగానే మనసు కథను వదిలేసి చదివేవాళ్ల వెంట పోయేది. ఇక్కడ ఎవరు ఏడుస్తారు, ఇక్కడ ఎవరు రెండు పేజీలు దాటేస్తారు అని లెక్క కడుతూ పుస్తకం మూసేసేవాడు. ఇది తనలో వచ్చిన ఒక మాంద్యమని ఆయనకు తెలుసు. ఒక్కోసారి దాన్ని నైపుణ్యం అని కూడా అనుకునేవాడు.

ఆ ఏడు, పందొమ్మిది వందల అరవై రెండులో, పెద్దల జాబితా కోసం చీటీలు చూస్తుంటే 'కాలవగట్టు ఇల్లు' అనే నవల చేతికి తగిలింది. సాదా అట్ట, పేరు వినని రచయిత. చీటీ మీద ముప్పై ఒక్క ముద్రలు! పద్నాలుగు రోజులకొకటి చొప్పున, ఒక్క వారం కూడా ఖాళీ లేకుండా. మిగతా నవలల్లో దేనికీ తొమ్మిది దాటలేదు. ఊళ్లో ఇంతమందిని పట్టుకున్న పుస్తకం తన కళ్లెదుట అలమరలో ఉండి తనకు తెలియకపోవడం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. పెద్దల జాబితాలో అన్నిటికంటే పైన దాన్ని రాసి, పక్కన ఇంకో మాట చేర్చాడు: 'ఊరంతా మెచ్చిన నవల. చేతికందితే కింద పెట్టలేరు.'

ఆ సోమవారం సాయంత్రమే రిటైరైన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు లింగప్ప దాన్ని రాయించుకుని పోయాడు. పదిహేను రోజులు ధర్మవరంలో తమ్ముడింట్లో ఉండి వస్తానన్నాడు.

బుధవారం మధ్యాహ్నం సంగతి బయటపడింది.

రెండు నుంచి నాలుగు దాకా గ్రంథాలయంలో ఆడవాళ్ల వేళ. ఆ రెండు గంటలూ మగవాళ్లెవరూ లోపల ఉండకూడదు. లైబ్రేరియన్ కూడా. ఎవరు పెట్టారో తెలియని ఆ ఆచారాన్ని ఓబుళప్ప ఎంత శ్రద్ధగా పాటించేవాడంటే, ఆ వేళ లోపల ఎవరు కూర్చుంటారో, ఏం చదువుతారో ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. అటెండరు సిద్ధమ్మే అప్పుడు పుస్తకాలిచ్చేది, ముద్రలు కొట్టేది, ఆడవాళ్ల రిజిస్టరు రాసేది. ఆయన వసారాలో బెంచీ మీద కూర్చుని అట్టలకు జిగురు పూసుకునేవాడు.

సిద్ధమ్మ వాకిలి దగ్గరికొచ్చి నిలబడింది. "సార్, కాలవగట్టు ఇల్లు యాడ పెట్టినారు?"

"లింగప్ప సారు తీసుకుపోయినాడు. ఏం?"

సిద్ధమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, మారక్క వచ్చుండాది సార్."

"ఏ మారక్క?"

"మారక్కే. ఆ పుస్తకం మారక్కది కదా."

"గ్రంథాలయం పుస్తకం ఎవరిదీ కాదు సిద్ధమ్మా."

"నిజమే సార్. కానీ అది మారక్కది."

ఆ వెనకనే మారక్క గడప దాకా వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చింతపండు మండీలో గింజలు తీసే పని, గోళ్లన్నీ నల్లగా ఉన్నాయి. రెండేళ్ల కిందట వానల్లేక గొర్రెలమ్ముకుని మొగుడితో కలిసి పల్లె నుంచి హిందూపురం వచ్చింది. మండీలో మధ్యాహ్నం తిండికి వదిలినప్పుడు నీడకోసమని ఇక్కడికొచ్చి, ఊరికే కూర్చోలేక సిద్ధమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంది. అక్షరాలయ్యాక చేతికందిన మొదటి పుస్తకం ఇదే. అప్పటినుంచీ ఇదే. పద్నాలుగు రోజులకొకసారి తెచ్చి, ముద్ర వేయించుకుని, మళ్లీ తీసుకుపోయేది. కిందటి వారం మాత్రం ఊరు మారే హడావిడిలో పుస్తకాన్ని ఇక్కడే వదిలిపోయింది.

"ముప్పై ఒక్క సార్లు నువ్వేనా?" అన్నాడు ఓబుళప్ప.

"ఎన్నిసార్లో నేను లెక్క పెట్టలేదు సామీ. మొదట్లో పేజీకి వారం పట్టె. ఇప్పుడు బాగనే పోతాండా. ఇంక పదమూడు పేజీలుండాయి." ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, గాభరా ఉంది. "శనివారం సాయంత్రం బండికి బెంగళూరుకు పోతాండాం. మా ఆయనకు ఆడ గోడౌన్లో పని దొరికింది. కతలో ఆ కాలవ ఓవర్సీరు ఇంటికొచ్చినాడో లేదో తెలీకుండానే పోవల్లనా?"

ఊరంతా మెచ్చిన నవల! ఓబుళప్పకు మొదట సిగ్గు కలిగింది. తర్వాత, ఆయన స్వభావం అది, ఆ సిగ్గును కొంచెం దూరంగా పెట్టి చూసుకున్నాడు. ముద్రలను చూసి మనుషులను ఊహించుకున్నాడు. పక్క గదిలో కూర్చున్న మనిషిని ఊహించలేకపోయాడు. పైగా తాను రాసిన మాటే ఆమె చేతిలోంచి పుస్తకాన్ని లాక్కుపోయింది.

"నాకెందుకు చెప్పలేదు సిద్ధమ్మా?"

"మీరడగలేదు కదా సార్."

శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. ఓబుళప్ప పొద్దున్నే పాసింజరెక్కి ధర్మవరంలో దిగాడు. మగ్గాల చప్పుళ్ల మధ్య నాలుగు వీధులు తిరిగి లింగప్ప తమ్ముడి ఇల్లు పట్టుకున్నాడు. లింగప్ప అరుగుమీద విసనకర్రతో విసురుకుంటున్నాడు. పుస్తకం తలకింద ఉంది.

"ఏమబ్బా ఓబుళప్పా! ఈడికొచ్చినావే! పుస్తకం ఎత్తుకుపోయినానని పట్టుకోను వచ్చినావా?"

"పుస్తకం కోసమే వచ్చినాను సారూ. తిరిగిస్తే..."

"గడువు పద్నాలుగు దినాలు. నేను తెచ్చుకుని అయిదు దినాలు కూడా కాలేదు. రూలు నువ్వు పెట్టినదే కదప్పా." లింగప్ప లేచి కూర్చుని, పుస్తకాన్ని ఒడిలోకి లాక్కున్నాడు. ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేసినవాడికి రూలు చేతికి చిక్కితే పండగే.

"బాగుందా సారూ?"

"బాగుందా! కాలవకు నీళ్లెట్ల ఒదలల్లనో ఆరు పేజీలు రాసినాడు నాయనా. మూడు పూటలు నిద్రపోయినా. చేతికందితే కింద పెట్టలేరని రాసినావు, నా చేతిలోంచి అదే జారి కింద పడతాండాది. అయినా ఇయ్యను. ఎవరిక్కావల్ల ఇది? ఎవరికోసం రైలెక్కి వచ్చినావు, అది చెప్పు."

ఓబుళప్ప అబద్ధమొకటి సిద్ధం చేసుకునే వచ్చాడు, పై ఆఫీసు తనిఖీ అని. కానీ అరుగుమీద కూర్చున్నాక ఎందుకో అది నోటికి రాలేదు. మారక్క సంగతి చెప్పాడు. చెప్పి ఆగి, చెప్పనక్కర్లేనిది కూడా చెప్పాడు. "నేను దాన్ని చదవకుండానే రాసినాను సారూ. అదే కాదు. ఎనిమిదేళ్లుగా బల్లమీద రాసినవేవీ చదవలేదు."

లింగప్ప విసనకర్ర ఆపాడు. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఎనిమిదేళ్లు నీ మాట మీద సెలవులు గడిపినా కదరా అబ్బా! మా కోడలికి కూడా నీ పేరు చెప్పి చదివిస్తి!"

"బాగుండలేదా అవి?"

"కొన్ని బాగుండె. అదే కదా నాకు మంట!" పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టాడు. "తీసుకుపో. ఆయమ్మకు ఇయ్యి. ఒక్క మాట. వచ్చే ఏడు చదివి రాయి. లేకుంటే ఊరంతా చాటిస్తా."

తిరుగు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. నిజం చెప్పేసి కూడా తనకేమీ కాలేదని, ఇంకా ఆకలి కూడా వేస్తోందని ఓబుళప్ప గమనించాడు. పుస్తకం తెరిచాడు. అలవాటు కొద్దీ కళ్లు జాడల కోసమే వెతికాయి. దొరికాయి. కష్టమైన మాట కింద గోటితో సన్నగా నొక్కిన గీత, దాంట్లో చింతపండు నలుపు. మొదటి పేజీలో దాదాపు ప్రతి మాట కిందా ఉంది. ఇరవయ్యో పేజీకి వరసకు రెండు. లింగప్పను నిద్రపుచ్చిన కాలవ పేజీల్లో గీతలు మళ్లీ ఒత్తుగా ఉన్నాయి. తూము, లాకు, వరదకట్ట. ఏడాదంతా నీళ్లు పారే కాలవ ఎట్లా ఉంటుందో ఈ సీమ మనిషి ఎంతసేపు ఆలోచించి ఉంటుందో! ఓబుళప్ప ఆ పేజీలను నిదానంగా చదివాడు. ఎనిమిదేళ్లలో మొదటిసారి మనసు కథను వదిలి పోలేదు. అది ఎవరి వెంట పోవాలో ఆ మనిషే, మారక్కే, కథలో ఆయనకంటే ముందు నడుస్తోంది.

పెనుకొండలో క్రాసింగ్ కోసం బండి గంటన్నర ఆగింది. కొండ నీడ ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఆయన చదువుతూనే ఉన్నాడు. నవల గొప్పదేమీ కాదు. ఓవర్సీరు భార్యతో మాటామాటా అనుకుని ఇల్లు వదిలి పోతాడు, ఆమె కాలవగట్టున ఎదురుచూస్తుంది, మధ్యలో చుట్టాలు ఎక్కువ. నూరో పేజీ దాటాక గీతలు పేజీకి రెండో మూడో. నూట ఎనభై తర్వాత పేజీలకు పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఆమె చదివి ఆపిన చోట ఒక చింతాకు ఎండి అంటుకుని ఉంది. ఓబుళప్ప అక్కడ ఆగాడు. హిందూపురం ఇంకా రాలేదు, వెలుతురూ ఉంది, మిగిలినవి పదమూడు పేజీలే. అయినా ఆమె కంటే ముందు పోవడం ఆయనకు బాగనిపించలేదు.

శనివారం రెండు గంటలకు మారక్క వచ్చింది. వెంట మొగుడు గోవిందప్ప, రెండు మూటలు, ఒక ట్రంకుపెట్టె. పుస్తకం చూడగానే ఆమె దాన్ని రెండు చేతులతో తీసుకుంది.

"కావాలంటే ఊరికి తీసుకుపో," అన్నాడు ఓబుళప్ప. రూలుకు విరుద్ధమైన ఆ మాట అంత సులభంగా వస్తుందని ఆయన అనుకోలేదు. "చదివి పోస్టులో పంపు."

"వద్దు సామీ. ఆడ తెలీని మాట తగిలితే ఎవర్నడగల్ల? సిద్ధమ్మక్క ఈడుండాది."

లోపలికి పోయింది. గోవిందప్ప మూటలు దించుకుని వసారా మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపలినుంచి ఆమె గొంతు వినబడింది. పైకే చదువుతోంది, ఒక్కొక్క మాటనూ తడిమి చూసి అడుగు వేస్తున్నట్టు. మధ్యలో ఆగేది, సిద్ధమ్మ గొంతు ఒక మాట అందించేది, మళ్లీ సాగేది. ఓబుళప్ప జిగురు గిన్నె పక్కన పెట్టుకుని ఒక్క అట్ట కూడా అతికించలేదు.

నాలుగు కొట్టింది. ఇంకా నాలుగు పేజీలున్నాయి. బండి అయిదున్నరకు. పేపరు కోసం వచ్చే పెద్దమనుషులు నలుగురు మెట్లెక్కారు. రోజూ అందరికంటే ముందుండే రామాంజనేయులు తలుపు మీద చెయ్యి వేశాడు.

ఓబుళప్ప అడ్డం నిలబడ్డాడు. "ఆగండి. ఇంకా నాలుగు పేజీలుండాయి."

"ఏం నాలుగు పేజీలప్పా? నాలుగు గంటలైంది."

"తెలుసు. కూర్చోండి."

పదకొండేళ్లలో ఆయన అట్లా మాట్లాడింది లేదు. వాళ్లు గొణుక్కుంటూ కూర్చున్నారు. కూర్చున్నాక వినక తప్పలేదు. లోపల ఓవర్సీరు వానలో గట్టుమీద నడిచి వస్తున్నాడు. దీపం కనబడుతోంది.

"ఎవరు వాడు?" అన్నాడు రామాంజనేయులు గుసగుసగా.

"ఇల్లొదిలిపెట్టి పోయినోడు," గోవిందప్ప చెప్పాడు. "వస్తాడో రాడో అని మా ఇంట్లో ఏడాదిగా ఇదే గోల."

"వస్తాండాడు కదా మళ్ల?"

"ష్," అన్నాడు ఓబుళప్ప.

గొంతు నెమ్మదిగా, తడబడకుండా చివరి పేజీలోకి వచ్చింది. ఓవర్సీరు తలుపు దాకా వచ్చాడు, చెయ్యెత్తాడు, కొట్టలేదు. వెనక్కి తిరిగి, గట్టు వెంబడి వచ్చిన దారినే పోయాడు. అంతటితో మాటలయిపోయాయి.

లోపల పేజీ తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత మారక్క అంది, "ఇంతేనా అక్కా? వెనక పేజీ చూడు."

"ఏమీ లేదు. అట్టే."

"థూ, వీని మొగం మండ! ఇంతదూరం వచ్చి తలుపు కొట్టను చేతుల్లేవా వీనికి! పద్నాలుగు నెలలు మోసినా కదా వీణ్ణి!" తిడుతూనే నవ్వుతోంది ఆమె. సిద్ధమ్మ కూడా నవ్వుతోంది. బయట రామాంజనేయులు, "అదేంది, తలుపు కొట్టల్ల కదా," అని ఎవరినో అడుగుతున్నాడు.

మారక్క బయటికొచ్చి పుస్తకాన్ని ఓబుళప్ప చేతికిచ్చింది. కళ్లు తుడుచుకుంది, అవి నవ్వి వచ్చిన నీళ్లో మరొకటో ఆయన తేల్చుకోలేదు, తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

"వాడు ఇట్లాంటోడని ముందే తెలిసుంటే చదివుండేదానివి కాదేమో," అన్నాడు.

"ఎందుకు చదవను సామీ? తిట్టుకుంటా చదివుందును."

గోవిందప్ప ట్రంకుపెట్టె భుజానికెత్తుకున్నాడు. "అయిపోయిందా? ఏమైంది కడాకు? నాకు సరిగా వినబళ్లే."

"నడువు, బండిలో చెప్తా," అంది మారక్క మూట నెత్తిన పెట్టుకుంటూ. "మొదట్నించీ చెప్పల్ల. లేకుంటే నీకు వాని మీద కోపం రాదు."

ఇద్దరూ సందు దాటకముందే ఆమె చెప్పడం మొదలుపెట్టింది.