గ్లాసెడు నీళ్ల పాఠం

కొడుకు ఎడమ చెంప గీయడం అయిపోయింది. గడ్డం కింద రేజరు పెట్టే ముందు మాస్టారు తన చేతిని కొడుకు కళ్లెదుట ఒకసారి ఆడించి చూపించారు. చూపించకుండా తాకితే, ముప్పై దాటిన ఆ మనిషి చంటిపిల్లాడిలా ఒళ్లంతా బిగదీసుకుంటాడు. అప్పుడు తెగుతుంది.

"ఇప్పుడు గడ్డం."

"గడ్డం," అన్నాడు కొడుకు, తండ్రి ఇచ్చిన మాటను తండ్రికే తిరిగి ఇచ్చేస్తున్నట్టు.

మాస్టారి భుజంలో రాత్రి మొదలైన నొప్పి మోచేతి దాకా దిగింది. రేజరు కడిగే వంకతో కాసేపు ఆగారు. వంటింట్లోంచి భార్య చూస్తూనే ఉంది.

"రాత్రంతా భుజం పట్టుకుని దొర్లారు. ఇవాళ మీరు వెళ్లకపోతే ఆ కాలేజీ మునిగిపోతుందా?"

"కాలేజీ మునగదు. ఓ అమ్మాయి మునుగుతుంది. ఇవాళ ఆవిడ పాఠం చూడాలి. పోయినేడు ఫెయిల్ చేసింది నేనే."

"ఇంకెవరైనా చూస్తారు లెండి."

"ఇంకెవరైనా అంటే, టీ తాగి సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు."

భార్య పొయ్యి వైపు తిరిగి, గిన్నెతో చెప్పుకుంటున్నట్టు అంది: "మీకేమన్నా అయితే వీణ్ణి నేనొక్కదాన్నీ సాకలేను."

మాస్టారు విననట్టే కొడుకు చెవి దగ్గర మిగిలిన నురగ తుడిచారు. "సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాంలే," అన్నారు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆయన లెక్చరరు. తరగతిని అదుపులో ఉంచుకోవడం ఎలాగో, మాట రాని పిల్లలకూ కుదురుగా కూర్చోలేని పిల్లలకూ చదువు చెప్పడం ఎలాగో, టీచర్లు కాబోయేవాళ్లకు చెబుతారు. కానీ ఆయన ఉద్యోగం సగానికి పైగా ఊళ్లోని బడుల్లో, వెనక బెంచీల మీదే గడిచింది. పిల్లల బెంచీలు కాబట్టి మోకాళ్లు గడ్డానికి తగిలేవి. అలా ముడుచుకుని కూర్చుని శిక్షణలో ఉన్నవాళ్ల పాఠాలు చూసేవారు. వాళ్లు ఆయనకు పెట్టిన పేరు వెనకబెంచి మాస్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఒకసారి స్టాఫ్ రూములో తానే ఆ పేరు చెప్పుకుని నవ్వారు కూడా.

ఈ విద్యలోకి వచ్చింది కొడుకు కోసం. ఎక్కడో ఒక పుస్తకంలో వాడి నోటికి తాళంచెవి దొరుకుతుందనుకున్నారు. పుస్తకాలన్నీ చదివారు, పరీక్షలన్నీ ప్యాసయ్యారు. కొడుకు మాత్రం వాళ్లమ్మ చెయ్యి పట్టి నేర్పినవే నేర్చుకున్నాడు. చొక్కా వేసుకోవడం, పళ్లు తోముకోవడం, ఫోను మోగితే ఎత్తడం.  గడ్డం గీసే పని ఒక్కటి మాస్టారు తన కోసం ఉంచుకున్నారు.

బస్సు దిగి బడి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కిటికీలోంచి ఆటస్థలం చూస్తున్నట్టు నిలబడ్డారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ప్రత్యేక తరగతి వరండా చివరి గది. ఫినాయిల్ వాసన, గోడకు పిల్లల మొహాల ఎత్తులో అద్దం, మూలలు గుచ్చుకోకుండా గుడ్డలు చుట్టిన బల్లలు. పాఠం చెప్పాల్సినావిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. డిగ్రీ లేకుండానే ఏళ్ల తరబడి బడిలో పనిచేసింది. ఇప్పుడు ఈ శిక్షణ పూర్తిచేయకపోతే ఆ ఉద్యోగం ఉండదు. పోయినేడు ఒక పిల్లాణ్ణి రెక్క పట్టుకుని ఈడ్చి కుర్చీలో కూలేసింది. మాస్టారు ఆ పాఠానికి మార్కులు వేయలేదు. అప్పట్నుంచి ఆవిడ ఆయన మొహంలోకి సూటిగా చూసి మాట్లాడలేదు.

"మొదలుపెట్టమంటారా సార్?"

"నన్ను చూడకమ్మా. నేను లేననుకో."

పాఠం చిన్నదే. జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు వంపి, ఆ గ్లాసు ఇంకొకరికి ఇవ్వాలి. ఆవిడ ఆ పనిని ముక్కలు ముక్కలుగా విడదీసుకుని వచ్చింది. కానీ గొంతు మొదట్లోనే పైకి లేచింది. ఒక పిల్లాడు జగ్గు పడదోశాడు. కిచకిచమంటూ ఉంటుందని పిచ్చుక అని పిలుచుకునే పిల్ల చెవులు మూసుకుని బల్ల కిందికి దూరింది. ఆవిడ ప్రతి మాటకీ వెనక బెంచి వైపు చూస్తోంది.

గొంతు తగ్గించమ్మా అందామనుకున్నారు మాస్టారు. మాట ఛాతీ దాటి రాలేదు. వీపు గోడకు ఆనించారు. ఎవరో నీళ్లు వంపుతున్న చప్పుడు. మరీ ఎత్తు నుంచి పోస్తోంది, పిల్లలు ఉలిక్కిపడతారు, అనుకున్నారు. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు.

ఆవిడ మళ్లీ చూసేసరికి ఆయన గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. ముందు ఒళ్లు మండింది. ఏడాది నుంచి తనకు నిద్ర లేదు, ఈయనకు తన పాఠంలోనే నిద్ర పట్టిందా? ఆ తర్వాత, ఎవరూ చూడటం లేదన్న ధైర్యమేదో మెల్లగా వచ్చింది. ప్లాను కాగితం పక్కన పడేసి, జగ్గూ గ్లాసూ పట్టుకుని తానూ బల్ల కిందికి దూరింది.

ఏమీ చెప్పలేదు. అరచేతిలో కాసిని నీళ్లు పోసుకుని, పిల్ల వేళ్ల మీద బొట్టు బొట్టుగా వదిలింది. పిచ్చుక చెవుల మీంచి ఒక చెయ్యి తీసింది. తర్వాత రెండోది. జగ్గు తన వైపు లాక్కుంది. మొదటిసారి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. రెండోసారి గ్లాసు నిండింది.

"ఇప్పుడు ఎవరికైనా ఇవ్వాలి తల్లీ," అంది ఆవిడ గుసగుసగా.

పిల్ల బయటికొచ్చింది. కొత్తవాళ్ల దగ్గరికి ఎన్నడూ వెళ్లని పిల్ల, అందర్నీ దాటుకుని ఒలకబోసుకుంటూ గది చివరిదాకా నడిచింది. గ్లాసు ఆయన పక్కన బెంచి మీద పెట్టింది.

"సార్! చూశారా సార్?"

ఆవిడ నవ్వుతూనే దగ్గరికి వెళ్లింది. "సార్?"

ఆయన చెయ్యి ముట్టుకుంది. అరవబోయి, పక్కనే ఉన్న పిచ్చుకను చూసి నోరు నొక్కుకుంది. పిల్లల్ని ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేయించి, ఆటకు తీసుకెళ్తున్నట్టు బయటికి నడిపించింది. ఆ తర్వాతే అటెండరును పిలిచింది.

ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇక చేసేదేమీ లేదన్నారు. శిక్షణ కళాశాల ప్రిన్సిపాలు మాస్టారింటికి ఫోను చేశాడు. కొడుకు ఎత్తాడు.

"నాన్న బడికి," అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే మళ్లీ అదే. "నాన్న బడికి." ఆ తర్వాత ఎత్తింది భార్య.  అంతా విని, "వీడికి ఎలా చెప్పాలండీ?" అని అడిగింది. 

సాయంత్రం ప్రిన్సిపాలు బడికి వచ్చి, వరండాలో నిలబడి ఉన్న ఆవిడను చూసి, చెప్పలేక చెప్పాడు. "చూసినవాళ్ల సంతకం లేదు కదమ్మా. పాఠం మళ్లీ చెప్పాల్సి ఉంటుంది."

"ఈ పాఠమేనా సార్?"

"ఏదైనా సరే. వేరేవాళ్లను పంపిస్తాం."

ఆవిడ తలూపింది. గదికి తాళం వేయడానికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక బెంచి మీద గ్లాసులో మిగిలిన నీళ్లు అలాగే ఉన్నాయి. చుట్టూ ఒలికిన నీళ్లు మాత్రం ఆరిపోయాయి.