టీ అయిందా?

"టీ అయిందా?"

మా ఇంట్లో తెల్లవారడమంటే ఈ మాటే. ముందు గదిలోంచి ఆయన అడుగుతారు. ఆ వెనకే మంచం మీదినుంచి అత్తయ్య అడుగుతారు. సాయంత్రం నేను పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే మళ్ళీ అదే. టీ అయిందా, వంట అయిందా, బట్టలు ఆరాయా, నీళ్ళు కాగాయా. "అయింది" అంటాను. దాంతో మా కబుర్లు కూడా అయిపోతాయి.

ఇందులో తప్పు పట్టడానికేముందని నేనూ అనుకునేదాన్ని. ఎవరూ తిట్టలేదు, ఎవరూ చెయ్యి చేసుకోలేదు. జపనీస్ నేర్చుకోకపోయి ఉంటే ఈ జన్మంతా అలాగే అనుకుంటూ ఉండేదాన్నేమో.

నేను పనిచేసేది యంత్రాల విడిభాగాలు అమ్మే కంపెనీ గోడౌన్‌లో. వచ్చిన అట్టపెట్టెల మీద చీటీ చూసి అరల్లో సర్దించాలి. రోజంతా ఆ పెట్టెలతోనే కాపురం. వాటిలో సగం మీద జపనీస్ రాతలు. ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు, ఇక్కడేమో మాట్లాడదామంటే ఈ పెట్టెల భాష నాకు రాదు అనిపించి ఒకరోజు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. పెట్టెల చాటున ముక్కు తుడుచుకుని పనిలో పడ్డాను. ఆ వారమే ఆఫీసులో భోజనాల వేళ జపనీస్ క్లాసు మొదలుపెట్టారు. చివర్లో మాట్లాడే పరీక్ష ఉంటుందనీ, గట్టెక్కినవాళ్ళని పై అంతస్తులో ఉత్తరాలు చూసే పనికి తీసుకుంటారనీ చెప్పారు. వెంటనే చేరిపోయాను.

ఇంట్లో చెబితే ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ముందు తెలుగులో చెప్పింది బుర్రకెక్కించుకో" అన్నారు. అత్తయ్య పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ.

మొదట్లో నా తిప్పలు చూడాలి. వాళ్ళ వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. క్రియ చివర కూర్చుంటుంది, మాట వెనక చిన్న తోక తగులుకుంటుంది. ఇంత సులువా అనుకుని బోల్తా పడ్డాను. వాళ్ళ "ని" అంటే మన "కి". మన "ని" రావాల్సిన చోట వాళ్ళు "ఓ" అంటారు. పుస్తకాన్ని చదువుతాను అనబోయి పుస్తకానికి చదువుతాను అన్నాను. టీచరమ్మ కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "మీ పుస్తకం అదృష్టం చేసుకుందండీ" అన్నారు. నన్ను చూసి కాకుండా నాతో కలిసి ఒక మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో!

ఒకరోజు ఆవిడ, "పొద్దున్నే మీ ఇంట్లో జరిగేది ఒక్క వాక్యంలో చెప్పండి" అన్నారు.

వెతుక్కోనక్కర్లేదు. "ఓచా గా దెకిమాషిత" అన్నాను. టీ అయింది.

"వాక్యం సరిగ్గానే ఉంది. 'గా' అనే తోక దేనికి తగిలించారు?"

"టీకి."

"అంటే టీని కర్తని చేశారు. మరి ఆ టీ పెట్టిందెవరు? దారే గా?" దారే అంటే ఎవరు.

"వతాషి వా" అన్నాను. వతాషి అంటే నేను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వతాషి వా అంటే 'నేనైతే', 'నా సంగతికొస్తే' అన్నట్టు. ఎవరు అని అడిగినప్పుడు అది చాలదండీ. వతాషి గా. నేనే, అనాలి."

నేనే. మూడో క్లాసు పిల్లకి కూడా వచ్చే మాట. పుస్తకంలో రాసుకున్నాను గానీ పైకి అనలేదు.

ఆ సాయంత్రం స్టవ్ దగ్గర నిలబడి అదే ఆలోచించాను. మన భాషలో నేను అనే మాట మింగేసినా పెట్టాను, ఉతికాను, తుడిచాను అన్నప్పుడు చివరి "ను"లో మనిషి దాక్కుని ఉంటుంది. "అయింది"లో అదీ లేదు. మా ఇంట్లో అన్నీ వాటంతటవే అవుతాయి. బట్టలు ఆరతాయి, గిన్నెలు తోమడం అయిపోతుంది. కాకపోతే ఏదైనా చెడినప్పుడు మాత్రం నేను ఊడిపడతాను. "పాలు పొంగబెట్టావు." "కూరలో ఉప్పెక్కువేశావు." "చొక్కా కాల్చావు." కర్త దొరకాలంటే తప్పు జరగాలన్నమాట. ఎంత ఒంటరిగా అనిపించిందంటే, మరుగుతున్న టీతోనే పైకి అన్నాను, "వతాషి గా" అని. పక్క గదిలోంచి అత్తయ్య, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నారు. ఎవరూ లేరని చెప్పాను.

పరీక్ష ఆదివారం పొద్దున పెట్టారు. ఆ రోజే ఆడపడుచు కుటుంబంతో వస్తోందట. శుక్రవారం నేను స్నానానికి వెళ్ళినప్పుడు టీచరమ్మ ఫోన్ చేస్తే ఆయన ఎత్తారు.

"చెప్పేశాలే" అన్నారు నేను బయటికి రాగానే.

"ఏం చెప్పారు?"

"నీకు కుదరదని. చెల్లాయి వాళ్ళు వస్తున్నారుగా. ఆ జపాన్ గోల అయిపోయిందనుకో."

అది కూడా అయిపోయిందట, దానంతటదే. తల తుడుచుకుంటూ నిలబడ్డాను. కోపం రావాల్సింది, భయం వేసింది. ఈ మాటకి కూడా ఊకొడితే ఇక నన్ను నేను కూడా వెతుక్కోలేను. వెంటనే ఆయన ముందే టీచరమ్మకి ఫోన్ చేసి, వస్తున్నానండీ అన్నాను. ఆయన వినలేదో, విని నమ్మలేదో.

ఆదివారం పెందలాడే తయారయ్యాను. పాలగిన్నె, టీపొడి డబ్బా, చక్కెర డబ్బా స్టవ్ పక్కన అందరికీ కనిపించేలా పెట్టాను. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాను.

"టీ అయిందా?" గదిలోంచి ఆయన.

"టీ అవదండీ. ఎవరైనా పెట్టాలి."

మంచం కిర్రుమంది. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి నన్నూ, నా సంచీనీ చూశారు.

"ఎవరు పెడతారు మరి?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ ప్రశ్న రావడం అదే మొదటిసారి. జవాబు ఆయనకే వదిలేసి, చెప్పులేసుకున్నాను.