మా కోడలుందిగా

భోజనాలయ్యాక పళ్లాలు తీసి వంటింట్లోకి తీసుకెళ్లేలోపు నా నోట్లోకి పోయేదాన్ని నేనెన్నడూ తిండి అనుకోలేదు. మా అమ్మాయి వదిలేసిన రొట్టె అంచు, అత్తగారు రెండు ముద్దలు తిని పక్కకు నెట్టిన అన్నం, ఆయన పళ్లెంలో ఒక వారకు తోసేసిన కూర. పారేయడానికి చెయ్యి రాదు. దాచిపెడితే మర్నాడు ఎవరూ ముట్టరు. ఎడమ చేత్తో పళ్లాలు పట్టుకుని కుడి చేత్తో నోట్లో వేసుకుంటూ నడవడం పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది. ఆ తర్వాత నా భోజనం వేరే ఉండేది. ఎంత తింటానో ఎవరైనా అడిగితే ఆ భోజనం గురించే చెప్పేదాన్ని. అబద్ధం చెబుతున్నానని ఎప్పుడూ అనిపించలేదు.

ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుని వస్తున్నారు. వచ్చిన రోజు మాట్లాడే ఓపిక ఉండదు. మర్నాడు ఉంటుంది, కోపం కూడా ఉంటుంది. ఎల్లకాలం ఇలా నడవదని డాక్టరు మా నలుగురినీ గదిలోకి పిలిచి చెప్పాడు. ఆయన, అత్తగారు, వేరే కాపురం ఉండే మరిది, నేను.

"ఇంట్లో కిడ్నీ ఇవ్వగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

మరిది ఫోన్ తీసి చూసుకున్నాడు. అత్తగారికి షుగర్ ఉంది, ఆవిడ పనికిరారని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది.

"మా కోడలుందిగా," అన్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. చుట్టాలు వచ్చినప్పుడు అందరికీ వంట ఎవరు చేస్తారని అడిగితే ఆవిడ అనే మాట అదే. గొంతూ అదే. నేనూ అలవాటు ప్రకారం తలూపాను. నా రక్తం తీసుకున్నారు, ఆయనకు సరిపోయింది. అప్పుడు డాక్టరు నా వైపు తేరిపార చూసి, ఈ బరువుతో ఆపరేషన్ నాకు మంచిది కాదని, తగ్గితే మిగతా పరీక్షలు చేస్తానని అన్నాడు.

"తగ్గుతుంది డాక్టర్. నేను తగ్గిస్తాను," అన్నారు ఆయన.

మా ఇంట్లో నా ఒంటి గురించి మాట్లాడే హక్కు అందరికీ ఉంది, నాకు తప్ప. "గాలి పీల్చినా ఒళ్లు చేస్తుంది మా కోడలు" అని అత్తగారు వచ్చినవాళ్లకల్లా చెబుతారు. ఫోటో దిగాల్సి వస్తే "నువ్వు వెనక్కి వెళ్లు, మిగతావాళ్లు పట్టాలిగా" అని ఆయన అంటారు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పడం నా ఉద్యోగం. మైకు గది పైనుంటుంది, ఇనప మెట్లెక్కి వెళ్లాలి. నేను ఎక్కుతుంటే కింద డ్రైవర్లు "డబుల్ డెక్కర్ వచ్చేసిందిరా, పక్కకు తప్పుకోండి" అనేవాళ్లు. వాళ్లకంటే ముందు నేనే నవ్వేసేదాన్ని. నేనే నవ్వేస్తే వాళ్లకు నవ్వడానికి పెద్దగా మిగలదు. పైకి చేరాక చాలాసేపు కుర్చీలో కూర్చుని రొప్పేదాన్ని. దారిలో వచ్చే ఊళ్ల పేర్లన్నీ ఒక్క వరసలో చదవాలి. సగంలో ఊపిరి అందక ఆగేదాన్ని. ప్రయాణికులు ఆ పేరే ఆఖరిదనుకుని లేచి వెళ్లిపోయేవాళ్లు. నా పై అధికారి ఒకసారి గదిలోకి తొంగి చూసి, "మధ్యలో నిద్రపోతున్నారా మేడమ్?" అన్నాడు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు తెల్లవారగానే అత్తగారు వంటింట్లోకి వచ్చారు. కూరగాయల చాకు నా చేతిలోంచి తీసుకున్నారు.

"నువ్వు నడిచి రా అమ్మాయ్. ఇక్కడ నేను చూసుకుంటాలే."

నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆవిడ చూసుకోగలరన్న సంగతి ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మోకాళ్లు నొప్పులని ఆవిడ స్టవ్ ముందుకు రావడం ఎప్పుడో మానేశారు. కొడుకు ప్రాణం మీదికి వచ్చేసరికి మోకాళ్లు కుదుటపడ్డాయి. తప్పు పట్టడం లేదు. నా కూతురి ప్రాణం మీదికి వస్తే నా మోకాళ్లూ అలాగే లేస్తాయి. నా కోసం లేచే మోకాళ్లు ఈ ఇంట్లో ఎవరికున్నాయా అని మాత్రం మెట్లు దిగుతూ అనుకున్నాను.

సంచీ లేకుండా వీధిలోకి వెళ్లడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు కట్టుకున్నాను, కాసేపు వేలాడేశాను. పాలవ్యాను ఆగి ఉంది. దుకాణం షట్టరు సగం పైకి లేచి ఉంది. వీధి చివర పార్కు గోడ వెంట నడిచాను. కాసేపటికి చెవుల్లో చప్పుడు వినిపించింది. ఏదో బండి వస్తోందనుకుని పక్కకు తప్పుకున్నాను. బండి కాదు, నా గుండె. గోడకు చెయ్యి ఆనించి విన్నాను. నేను పుట్టకముందే కొట్టుకోవడం మొదలెట్టింది ఇది. నేను వంటింట్లో ఉన్నా, మైకు ముందు ఉన్నా, మాటలు పడుతున్నా ఆగలేదు. ఒక్కరోజు సెలవడగలేదు. ఇలాంటి పనిమనిషి నా లోపల ఉందని నాకు తెలియదు. దాన్ని ఒక్కసారైనా పలకరించిన పాపాన పోలేదు.

అయినా బరువు తగ్గలేదు. ఆసుపత్రిలో తిండి గురించి చెప్పే ఆవిడను అందరూ డైట్ మేడమ్ అంటారు. ఆవిడ చెప్పినట్టే నా భోజనం మార్చుకున్నాను. అన్నం తగ్గించి కూర పెంచాను, ఉడికించిన గుడ్డు, పండు తిన్నాను. తీపి మానేశాను. కాటా మీద ముల్లు కదల్లేదు. ఆయన వంటింట్లోకి వచ్చి బిస్కెట్ల డబ్బా మూత తీసి చూశారు.

"దొంగచాటుగా తింటున్నావా? నా ప్రాణంతో ఆటలాడుతున్నావే నువ్వు!"

"ఒట్టు, ఏమీ తినడం లేదండీ."

"మరి గాల్లోంచి వస్తుందా ఆ ఒళ్లు?"

నాకూ అదే అనుమానం వచ్చింది. అత్తగారి మాటే నిజమేమో, నేను గాలి పీల్చినా ఒళ్లు చేసే మనిషినేమో అనుకున్నాను. డైట్ మేడమ్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. పొద్దున్నుంచీ ఏం తిన్నానో చెప్పమంది. చెప్పాను.

"ఇంకా?"

"ఇంకేం లేదు మేడమ్."

"మీ ఇంట్లో తిన్న పళ్లాలు ఎవరు తీస్తారు?"

"నేనే."

"వాటిలో మిగిలింది ఏం చేస్తారు?"

"నోట్లో వేసుకుంటాను. అది తినడం కాదు మేడమ్, సర్దడం."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా అమ్మా అంతే," అంది. ఆ తర్వాత ఒక పని చెప్పింది. ఒకరోజంతా ఎవరి పళ్లెంలోది నోట్లో వేసుకోబోయినా, నోట్లో కాకుండా ఒక గిన్నెలో వెయ్యాలి. అంతే.

సెలవు రోజు చూసి గిన్నె పెట్టాను. కూర వండే గిన్నె, అడుగున సొట్ట ఉన్నది. పొద్దున అమ్మాయి రొట్టె అంచులు పడ్డాయి. అత్తగారు ఉప్పు ఎక్కువైందని వదిలేసిన గుడ్డు సగం, పాలగ్లాసు మీది మీగడ పడ్డాయి. మధ్యాహ్నం ఆయన వదిలిన అన్నం, వాళ్ల ముగ్గురి కోసం వండినా ముగ్గురికీ నచ్చని కూర. సాయంత్రం కొరికి పెట్టేసిన బిస్కెట్లు. చెయ్యి ప్రతిసారీ నోటి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. రాత్రి భోజనాలు అయ్యేసరికి గిన్నె అంచు దాకా వచ్చింది. మూత పెట్టబోతే పట్టలేదు.

దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో. అది ఒక పూర్తి మనిషి తిండి. ఇన్నేళ్లుగా నా లోపల ఇంకో మనిషిని పోషించాను. ఆ మనిషికి ఆకలి లేదు, రుచి లేదు, ఇది కావాలని అడిగే నోరు లేదు. ఇంట్లో అందరూ వద్దనుకున్నదాన్ని తనలో దాచుకోవడమే ఆమె పని. వాళ్లు పారేసినదంతా నా నడుము చుట్టూ, వీపు మీద మోశాను. మోస్తున్నందుకు మాటలూ పడ్డాను. అంత బరువుతో ఆ ఇనప మెట్లు రోజూ ఎక్కానా? ఈ కాళ్లేనా ఎక్కింది? జాలి రాలేదు. నోరు తెరుచుకుని నా కాళ్ల వైపు చూశాను.

గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఇదేంటి? ఇంత తిండి వృథా చేశావా?" అన్నారు ఆయన.

"మీ ముగ్గురూ ఒక్కరోజులో వదిలేసింది. రోజూ ఎక్కడికి పోతోందో తెలుసా?" అని నా పొట్ట మీద తట్టి చూపించాను.

అమ్మాయి కిసుక్కున నవ్వబోయి ఆగింది. అత్తగారు గిన్నెలోకి వంగి చూసి, "ఆ గుడ్డు నాదే," అన్నారు. ఆయన తన పళ్లెం వైపు చూసుకున్నారు.

"అయితే ఇప్పుడు నా పళ్లెంలో మిగిలింది ఎవరు తింటారు?"

"మిగలకుండా వడ్డించుకోండి," అన్నాను.

ఆ రోజు నుంచి ముందు నా పళ్లెం వడ్డించుకుని, అందరితోపాటు కూర్చున్నాను. మొదట్లో నాలుగో కుర్చీ కోసం బల్ల జరపాల్సి వచ్చింది. ఇంట్లో నలుగురం ఉన్నామని బల్లకు కూడా తెలియదు. ఎవరి పళ్లెం వాళ్లే తీయాలన్నాను. అమ్మాయి తీసింది. ఆయన తీయలేదు, ఆయనది అత్తగారు తీశారు.

ముల్లు కదిలింది. ఒకరోజు స్నానం చేస్తుంటే పిక్క దగ్గర చేతికి గట్టిగా తగిలింది. భయమేసింది. గబగబా బట్టలు కట్టుకుని వచ్చి అమ్మాయికి చూపించాను.

"ఇదేంటో చూడవే, గడ్డలా ఉంది. నాన్నకు చెప్పకు, కంగారు పడతారు."

అది నొక్కి చూసింది. రెండో కాలూ నొక్కి చూసింది. తర్వాత మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

"అమ్మా, అది గడ్డ కాదే తల్లీ, కండ!"

నాకు కండ ఉంది. తలుపు వేసుకుని అద్దం ముందు మునివేళ్ల మీద లేచాను, దిగాను. లేచినప్పుడల్లా అది పైకి వచ్చి, దిగినప్పుడు లోపలికి పోయింది. ఒక జీవి నా చర్మం కింద ఇల్లు కట్టుకున్నట్టుంది. మళ్లీ లేచాను.

బస్టాండులో ఒక ఉదయం మెట్లెక్కి వెళ్లి నేరుగా మైకు మీట నొక్కాను. ఊళ్ల పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఎప్పుడూ ఆగే ఊరు వచ్చింది, దాటిపోయింది. తర్వాతి ఊరూ దాటింది. ఆఖరి ఊరి పేరు చెప్పి మీట ఆపాక కూడా గుండెల్లో ఇంకా ఊపిరి మిగిలి ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియలేదు. కిటికీలోంచి చూస్తే మధ్యలో లేచి వెళ్లిపోయేవాళ్లెవరూ లేవలేదు, అందరూ చివరిదాకా విన్నారు. కిందనుంచి ఒక డ్రైవరు తలెత్తి, "కొత్త మైకు తెచ్చారా మేడమ్?" అని అరిచాడు.

"మైకు పాతదే," అన్నాను.

తర్వాత ఆసుపత్రిలో నా కిడ్నీలకు స్కాన్ తీశారు. తీసినతను స్క్రీన్ నా వైపు తిప్పి రెండు నీడలు చూపించాడు. గింజల్లా పక్కపక్కన ఉన్నాయి.

"రెండూ భేషుగ్గా ఉన్నాయమ్మా. ఇంత మంచివి రోజూ కనబడవు."

"ఇవి నావేనా?"

"మరెవరివమ్మా?" అని నవ్వాడు.

ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో ఇదివరకే చెప్పేశారు. నేను మాత్రం అతను స్క్రీన్ ఆపేదాకా చూస్తూనే ఉన్నాను. ఇంట్లోవాళ్లు వదిలేసిన తిండి పెట్టి నేను పెంచినవి ఇవి. అలాంటి తిండి పెట్టినా ఇంత బాగా ఉన్నాయి.

ఆపరేషన్‌కు ముందు కిడ్నీ ఇచ్చేవాళ్లతో ఒంటరిగా మాట్లాడాలన్నది ఆసుపత్రి పద్ధతి. ఆయన నాతోపాటు లేచారు. "మా ఆవిడ ఏం చెబుతుందో నాకు తెలుసు, నేనే చెప్పేస్తాను," అన్నారు. కౌన్సెలర్ ఆయన్ను బయటే కూర్చోమని తలుపు వేసింది. చిన్న గది, రెండు కుర్చీలు. వయసులో నాకంటే పెద్దావిడ.

"కిడ్నీ ఇస్తారా అని మిమ్మల్ని ఎవరడిగారమ్మా?"

చెప్పడానికి నోరు తెరిచాను. డాక్టరు గదిని అడిగాడు. అత్తగారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన తగ్గిస్తానన్నారు. మరిది నాకు పళ్లు పంపించాడు. వెనక్కి వెనక్కి వెళ్లి వెతికాను. నన్ను చూసి, నా పేరు పెట్టి పిలిచి, ఇస్తావా అన్న మనిషి ఎక్కడా కనబడలేదు.

"ఎవరూ అడగలేదండీ."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మీకు ఇష్టం లేకపోతే నాకు చెప్పండి చాలు. మీ కిడ్నీ సరిపోలేదని ఇంట్లోవాళ్లకు మేమే చెబుతాం. మీ మీదికి మాట రాదు," అంది.

"వద్దండీ, అలా మాత్రం చెప్పకండి," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఇది సరిపోని ఒళ్లని ఇన్నేళ్లూ వింటూనే ఉన్నాను. ఇకమీదట ఎవరూ ఆ మాట అనడానికి వీల్లేదు. నాకు కొన్నాళ్లు టైమివ్వండి."

మర్నాడు పొద్దున నడకలో గోడ దగ్గర ఆగలేదు. అవసరం రాలేదు. ఆయన అడిగితే ఏం చెబుతానో నాకు తెలుసు. అడగకముందు చెప్పకూడదనీ తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా పళ్లెం వడ్డించుకుని కూర్చున్నాను.

"తేదీ ఎప్పుడిచ్చారు?" అన్నారు ఆయన, తల ఎత్తకుండా.

"ఇవ్వలేదు."

"సరిపోయిందన్నారుగా?"

"సరిపోయింది. చాలా మంచివట."

"మరింకేంటి ఆలస్యం?"

"ఆలస్యం దేనికిరా, మా కోడలుందిగా," అంటూ అత్తగారు చెయ్యి ఎత్తారు. నేను కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాను. ఆ చెయ్యి నా భుజం మీద పడలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంది.

ఊపిరి నిండా తీసుకున్నాను.

"మీరింకా నన్ను అడగలేదు," అన్నాను.