ఇంటిదారి పట్టిన పొగ

పొద్దుగూకే వేళకి ఆవిడ తోటలో పని ముగించుకుని ఇంటికి వచ్చేది. కాళ్ళు కడుక్కుని స్టవ్ మీద టీ పెట్టేది. టీ మరిగేలోపల పొగ కూడా ఇల్లు చేరేది. ఆ ఊళ్ళో ఎవరి పొలం పొగ వాళ్ళింటికే వస్తుంది. ఇంజను వదిలిందైనా, మట్టి వదిలిందైనా, పగలంతా ఎక్కడ తిరిగినా సాయంత్రానికి ఇంటి కప్పు మీద ముడుచుకుని పడుకుంటుంది. ఏదైనా దారి తప్పితే, "మీది మా ఇంటి మీదికొచ్చింది, పిలుచుకోండి" అని పక్కింటివాళ్ళు కబురు పెడతారు. అంతకుమించి దాని గురించి మాట్లాడుకునే తీరిక ఎవరికీ లేదు.

అసలు తీరికంటేనే ఎరగని మనిషి కాబట్టి వీధిలో ఆవిడ పేరే తీరికలేనమ్మ అయిపోయింది. భర్తకి ఊపిరితిత్తులు పాడయ్యాక క్యాబేజీ తోట మొత్తం ఆవిడ నెత్తిన పడింది. ఆయన్ని చిన్న బుట్ట కూడా ఎత్తనివ్వదు. డాక్టరు చెప్పిన పొద్దుటి నడక తప్ప ఆయనకి వేరే పని లేదు. వచ్చి కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తాడు, తిరగేసిన పేపరే మళ్ళీ తిరగేస్తాడు.

ఈ మధ్య వాళ్ళ పొగ మహా బలిసింది. కప్పు చాలక కిటికీల్లోంచి లోపలికి జారుతోంది. ఆయన దగ్గు ఎక్కువైంది. కోతల నాటికి పొగ తగ్గకపోతే తోట వదిలేసి ఎటైనా వెళ్ళిపొమ్మని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ మట్టి తప్ప ఇద్దరికీ ఇంకో బతుకు తెలీదు. ఆవిడ డీజిల్ ఇంజను తీసేసి సోలార్ మోటారు పెట్టించింది. ఆకుచెత్త తగలబెట్టడం మానేసింది. పొగ మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

చివరికి కొలతలమ్మాయిని పిలిచింది. తోటల్లోంచి ఏ వాయువు ఎంత లేస్తోందో కొలిచి చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. సాళ్ళ మధ్య మట్టి మీద పెట్టె బోర్లించి, సిరంజితో అందులోని గాలి లాగి, మెషీన్‌లో చూసి మొహం చిట్లించింది.

"పిన్నీ, నువ్వు చెప్పినదానికి రెట్టింపు యూరియా పడుతోంది ఇక్కడ. మొక్కలు తినగా మిగిలిందే ఇలా లేస్తోంది. డీజిల్ పొగ దీని ముందు ఎంత."

తీరికలేనమ్మకి ఒళ్ళు మండింది. తన చెయ్యేమీ ఎముక లేనిది కాదనీ, రోజూ సాయంత్రం డబ్బాతో కొలిచి మరీ సాలు తర్వాత సాలుకి వేస్తున్నాననీ గట్టిగా చెప్పింది. ఆ పిల్ల వాదించకుండా పెట్టె ఎత్తింది. లోపలున్న పొగ నెమ్మదిగా బయటికొచ్చింది. సగం వచ్చి ఆవిడ వెనక నిలబడింది. మిగతా సగం అటూ ఇటూ చూసి, గట్టు మీదుగా నడిచివెళ్ళి, కొలతలు చూద్దామని వచ్చి గొడుగు పట్టుకుని నిలబడ్డ భర్త వెనక ఆగింది.

కొలతలమ్మాయి పెట్టె తుడుచుకోవడంలో పడింది. ఆయన చెప్పు కొసతో మట్టి గెలికాడు.

"పొద్దున్న నడకకి వచ్చినప్పుడు నేనూ వేస్తున్నా. మొక్కలు పచ్చగా కనిపిస్తే ఎరువు వేసే పనైనా నువ్వు మానుకుంటావనుకున్నా."

"ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే చెయ్యనిస్తావా?"

ఆవిడ సాళ్ళ వంక చూసింది. ఆ పచ్చదనం చూసి ఇన్నాళ్ళూ తన చేతి చలవే అనుకుని మురిసిపోయింది. ఆయన వేసింది తను లేచేసరికే మంచు తడికి కరిగిపోయేది. తోటలో ఒంటరిగా చాకిరీ చేస్తున్నానని ఏడ్చుకున్న రోజులన్నిట్లోనూ ఆయన తనకన్నా ముందే వచ్చి వెళ్ళాడు. కోపం రావాల్సిన చోట కళ్ళు నిండాయి. ఇలాంటి మనిషి తనకి దొరికినందుకు ఎవరికి చెప్పుకోవాలో తెలీక, కొలతలమ్మాయి చేతులు పట్టుకుని ఆ పిల్లకే చెప్పుకుంది.

"ఎరువు సంగతి ఇక మీదే. నేను వేలు కూడా పెట్టను" అంది భర్తతో.

పొగ రోజురోజుకీ చిక్కిపోయింది. కిటికీలు వదిలింది, కప్పు మీద ఓ మూలకి సర్దుకుంది. కోతల ముందు ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్న డాక్టరు, వెళ్ళిపొమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు. తోటలోకి వెళ్ళొచ్చు, అలుపొస్తే ఆగాలి అన్నాడంతే.

కోతలరోజు ఆయన కత్తి పట్టుకుని సాలులోకి దిగాడు. ఆవిడ గట్టు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఆయన తలెత్తి, ఒంట్లో బాగాలేదా అని కంగారుగా అడిగాడు.

"బానే ఉంది. మీరు చేస్తుంటే చూస్తున్నా."