మానని పొక్కు

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ షెడ్డు కట్టే చోటికి వెళ్లి చూస్తే మీకు తప్పేమీ కనిపించదు. పనివాళ్లంతా నీడన కూర్చుని క్యారేజీలు విప్పుకుంటారు, ఒకరి కూర ఒకరు అందుకుంటారు. రేకుల మేస్త్రీ ఒక్కడే ఇనుప దూలాల గుట్ట వెనక, ఎండలో కూర్చుని తింటాడు. ఆయనకదే ఇష్టమేమో అనుకుంటారు మీరు. ఇష్టం కాదు, వాళ్లే అక్కడికి తరిమారు.

పైకప్పుకు రేకులు బిగించడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఏళ్ల తరబడి నెత్తిన ఎండ, కాళ్లకింద కాలే రేకు. ఆ ఎండే చర్మ క్యాన్సరై ముఖం మీద మొలిచింది. మొదట ముక్కు కొస కోశారు. అది మానిందనుకునేలోపు చెంప మీద వచ్చింది. తర్వాత చెవి అంచు పోయింది. తొడ చర్మం తెచ్చి ముక్కుకు అతికారు. భార్య కన్నీళ్లు పెట్టుకుంటే ఆయనే నవ్వించేవాడు.

"నాకు ముక్కు మీదే కోపమని సాధించేదానివిగా! ఆ కోపాన్ని కోసేశారు. ఇక హాయిగా ఉండు."

పనిలో మాత్రం ఆయన పేరు 'అతుకులు'. పెట్టింది వెల్డరు.

ఆ రోజు కణతి మీద కొత్త కుట్లతో పనికి వచ్చాడు మేస్త్రీ. ఎండకు కళ్లు తిరిగి, క్యారేజీ పట్టుకుని నీడలోకి వచ్చి కూలబడ్డాడు.

"ఏయ్ అతుకులూ, లే! నీ చీమూ నెత్తురూ మాకంటిస్తావా?" అన్నాడు వెల్డరు.

"అంటుకునేది కాదురా. నా పెళ్లాం ఇన్నేళ్లుగా నా పక్కనే ఉంది. దానికేమైంది?"

"వేరే గతి లేక పడుంది."

అంటూనే క్యారేజీని ఒక్క తన్ను తన్నాడు. మేస్త్రీ లేవబోతే కణతి మీద గుద్దాడు. కుట్లు పటపటా తెగాయి. నెత్తురు కంట్లోకి దిగింది.

ఇన్నిసార్లు డాక్టర్ల కత్తి కింద కదలకుండా పడుకున్న మనిషి ఓర్పు కూడా అప్పుడే తెగింది. మేస్త్రీ తలతో వాడి మూతి మీద కుమ్మాడు. పళ్లు కదిలాయి. కింద పడేసి, వీపు మీద కూర్చుని, ముఖాన్ని కంకరలో వేసి రుద్దాడు. చేతికందిన ఇనుప కడ్డీ ఎత్తాడు. ఇంకో చేత్తో జుట్టు పట్టి తల పైకి లాగాడు.

వెల్డరు చెవి వెనక ఒక పొక్కు. మధ్యలో గుంటపడి, పక్కుకట్టి, నెత్తురూరుతోంది. అంచు ముత్యంలా మెరుస్తోంది. అద్దంలో తన ముఖం మీద అదే పొక్కును ఎన్నిసార్లు చూసుకున్నాడో!

కడ్డీ గాలిలోనే ఆగిపోయింది.

"ఇదెప్పట్నుంచి ఉందిరా?"

"చంపెయ్! మాటలెందుకు?"

"చెవి వెనకది! ఎప్పట్నుంచి?"

వెల్డరు నోట్లోని నెత్తురు ఉమ్మాడు. "ఆర్నెల్లయింది. మానట్లేదు."

"మరి ఎవరికీ చూపించవేం?"

"చూపిస్తే... నన్నూ నీలాగే తరిమేస్తారుగా," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

కంపెనీ వ్యానులో ఇద్దరూ ఒకే ఆసుపత్రికి వెళ్లారు. ఒకరికి కుట్లు మళ్లీ వేశారు. మరొకరికి పొక్కులోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. అనుమానం నిజమైంది. ఇంకొంచెం ఆలస్యమైతే చెవే పోయేదంది డాక్టరమ్మ. కోసే రోజు బల్ల మీద వెల్డరు వణికిపోతుంటే మేస్త్రీ వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"కదలకు. నిన్ను క్షమించేశానని మాత్రం అనుకోకు," అన్నాడు.

వెల్డరు కట్టుతో పనికి తిరిగొచ్చిన రోజు, నీడన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే క్యారేజీ తీసుకుని పక్కకు జరగసాగారు. అది చూసిన మేస్త్రీ అరిచాడు.

"ఆగండి! ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి రాదు. ఎండ వల్ల వస్తుంది. ఆ ఎండలో పనిచేసేవాళ్లమే మనమందరం. వీడు నన్ను తరిమాడు. తననీ తరుముతారని తన పుండు దాచుకున్నాడు. ఇప్పుడు మీరు వీణ్ని తరిమితే, రేపు మీలో ఎవడు ఏ పుండు దాచుకుని చస్తాడో! రోగిని వెలివేసే చోట రోగం దాక్కుంటుందిరా. దాక్కున్న రోగమే మనిషిని చంపుతుంది."