లాండ్రీ కుళాయిలో మూడు రేసులు

రెండేళ్ళ కిందట ఆ రేసులో ఆమె సైకిల్ గొలుసు తెగలేదు.

ఈ మాట ఆమె ఇప్పటిదాకా పైకి అనలేదు. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు గోడకి కూడా చెప్పలేదు. గొలుసు తెగిందని మాత్రం అందరికీ తెలుసు, ఆమే చెప్పింది కాబట్టి. సైకిలెక్కాక నలభయ్యో కిలోమీటరు దగ్గర టప్పుమని తెగిపోయిందని, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చానని చెప్పింది. ఏడ్చిన మాట నిజమే. కానీ ఏడ్చింది సముద్రం ఒడ్డున, ఎవరో కప్పిన దుప్పటిలో. నీళ్ళలోకి దిగి రెండు వందల మీటర్లు ఈది, కిందికి చూస్తే అడుగు కనపడలేదు. అంతే, ఊపిరాడలేదు. కాపలా పడవ అంచు పట్టుకుని ఇక వదల్లేదు. సైకిల్ నిలబెట్టిన చోటే ఉండిపోయింది. ఇంటికి తిరిగొస్తూ రైలు స్టేషన్లో గొలుసు ఊడదీసి చెత్తబుట్టలో పడేసింది. గొలుసు ఊడదీయడం ఆమెకి నేర్పింది సందు చివర సైకిల్ షాపు స్పోకుల బాబాయి. ఆ సైకిల్‌ని ముక్క ముక్కా తన చేత్తో కూర్చిపెట్టింది కూడా ఆయనే.

పొద్దున్న లాండ్రీ షట్టరు తీసేది ఆమే. తీసేలోపే పది కిలోమీటర్లు పరిగెత్తి వచ్చేస్తుంది. లాండ్రీ అక్కాబావలది. కింద కొట్టు, పైన రెండు గదులు, ముగ్గురు మనుషులు. రెండు పెద్ద మెషిన్లు, మరకల బట్టలు నానబెట్టడానికి మోకాలెత్తు సిమెంటు తొట్టి, కిటికీ కింద ఇస్త్రీ బల్ల. తెల్లవి ఒక గుట్ట, రంగువి ఒక గుట్ట. కాలర్లకి గుడ్డ చీటీలు గుచ్చడం, జేబులు తడిమి పెన్నులు తీయడం, హోటల్ దుప్పట్లు లెక్కపెట్టడం ఆమె పనులు. చదువు మధ్యలో వదిలేసిన మనిషి. ఈత, సైకిలు, పరుగు, అన్నీ వీడియోలు చూసి తనంతట తనే నేర్చుకుంది. స్విమ్మింగ్ పూల్లో అయితే నాలుగు కిలోమీటర్లు ఆపకుండా ఈదుతుంది. అక్కడ అడుగున నీలం పలకలు కనిపిస్తుంటాయి.

ఈ ఏడాది మళ్ళీ రేసు వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి, ఆమె ఫోన్లో ఏ రేసు పేజీ తెరిచి పెడితే ఆ రేసు నీళ్ళు లాండ్రీ కుళాయిలో వస్తున్నాయి. మొదటి రెండు రోజులు పని కాస్త తడబడింది, తర్వాత సర్దుకుపోయారు.

"ఏమ్మా చేపపిల్లా, మళ్ళీ ద్వీపానికి పోయావా?" బావ టీ గ్లాసు పట్టుకుని మొహం వికారంగా పెట్టాడు. "నోట్లో పెట్టలేకపోతున్నా. అంతా ఉప్పు."

"గాలి ఎంత ఉంటుందో చూస్తున్నా బావా. ఒక్క నిమిషం."

"నీ ఒక్క నిమిషంలో నా డబ్బా సబ్బు పొడి గంగపాలు," అని అక్క మెషిన్ దగ్గర్నుంచి అరిచింది. "ఒక్క బుడగ లేస్తే ఒట్టు. ఉప్పు నీళ్ళలో ఎక్కడైనా నురగ వస్తుందా? మూసెయ్, ముందు ఆ పేజీ మూసెయ్!"

ఇస్త్రీ బల్ల పక్క గోడ మీద సుద్దతో మూడు మాటలు రాసుకుంది. ద్వీపం, కాలువ, సరస్సు. మూడూ యూరప్‌లోనే. అక్కడ వేసవిలో పగలు పొడుగు, తన వేగానికి అదే మంచిదని ఆమె ఆలోచన. మూడింట్లోనూ దూరాలు ఒకటే. దాదాపు నాలుగు కిలోమీటర్ల ఈత, నూట ఎనభై సైకిలు, ఆపైన నలభై రెండు పరుగు. మొత్తం ఒక్క రోజులో.

ఏది ఎంచుకోవాలన్నది ఆమె ఒక్కదాని సంగతిగా మిగల్లేదు. అక్క సరస్సు పక్షం. మంచు కరిగిన నీళ్ళు, సగం సబ్బుతోనే మల్లెపూవులా వస్తాయి బట్టలు. పక్క బేకరీ అతను కూడా సరస్సు రోజున రెండు బిందెలు పట్టుకుపోతాడు, పిండి బాగా పొంగుతుందని. కాలువ నీళ్ళకి బావ గుమ్మం ముందు కుండీల్లో మొక్కలు ఏపుగా లేచాయి గానీ, హోటల్ మేడమ్ మాత్రం ఫోన్ చేసి మరీ చెప్పింది.

"మా దుప్పట్లకి కాలువ వద్దమ్మా. కిందటిసారి మూడో గదిలో ఆయన రాత్రంతా కప్పలు అరిచాయన్నాడు. ఆయన ఏదైనా ఎక్కువ చేసి చెప్పే రకమే అనుకో. అయినా వద్దు."

ఎవరడిగినా ఆమె కొండలంటుంది, ఎండంటుంది, ఎదురుగాలంటుంది. ఈత మాట ఎత్తదు. లోపల మాత్రం కాలువ ఎప్పుడో ఖాయమైపోయింది. దానికి రెండు వైపులా గట్టుంది, చెయ్యి చాపితే అందుతుంది. సరస్సు పేజీ తెరిచిన రోజున ఆమె తొట్టి వైపు చూడదు. మోకాలెత్తు తొట్టే గానీ, ఆ రోజు చూస్తే నీళ్ళు కిందికి, ఇంకా కిందికి, నీలంగా పోతూనే ఉంటాయి.

సరస్సు రేసు వాళ్ళు పేర్లు తీసుకోవడం ఆ గురువారం సాయంత్రం ఆరింటికి ఆపేస్తారు. కాలువకి ఇంకా వారం గడువుంది. ఆరు దాటిపోతే తను వద్దనక్కర్లేకుండానే సరస్సు దానంతటదే వెళ్ళిపోతుంది. ఫోన్లో కాలువ పేజీ తెరిచి బల్ల మీద పెట్టి, ఆమె చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కూర్చుంది.

నాలుగింటికి స్పోకుల బాబాయి వచ్చాడు. ఆయన వస్తే ఆమె ఎప్పుడూ వెనక్కి తప్పుకుంటుంది. ఆ రోజు అక్క హోటల్‌కి బట్టలివ్వడానికి వెళ్ళింది, బావ పైన పడుకున్నాడు. తప్పుకోవడానికి లేదు.

"అక్క లేదా అమ్మా?"

"లేదు బాబాయ్. ఇటివ్వండి, నేను రాసుకుంటా."

నూనె మరకల కోట్లు రెండు బల్ల మీద పెట్టాడు. "మరకలు పోకపోయినా పర్లేదు. ఇప్పుడు పెద్దగా మరకలయ్యే పనేం లేదులే."

ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆయన షాపు మీద 'సైకిళ్ళు కొలతకి తయారు చేయబడును' అనే బోర్డు ఉండేది. రెండేళ్ళ కిందట దాని మీద తెల్ల రంగు పూసి 'పంక్చర్లు, బ్రేకులు మాత్రమే' అని రాసుకున్నాడు. ఎవరూ రాయమనలేదు.

ఆయన గోడ మీది సుద్ద మాటలు చదివాడు. "ఇందులో ఏది ఖాయం చేశావు?"

"కాలువ అనుకుంటున్నా."

"కాలువా? అదంతా చదును కదమ్మా. కొండ కనిపిస్తే చాలు, నీ కాళ్ళు ఆగవు. నీకు సరస్సు కదా సరైంది." అంటూ ఆయన కళ్ళు ఒక్క క్షణం మునుపటిలా వెలిగాయి. "వెనక చక్రానికి ఇంకా పెద్ద పళ్ళచక్రం వేయించుకో, ఆ ఎత్తులు నీకో లెక్కా! పెద్ద రోడ్డులో కొత్త షాపు వాళ్ళు బాగానే చేస్తారట. వాళ్ళ దగ్గర వేయించుకో."

"మీరే వేయొచ్చుగా బాబాయ్." నోరు జారింది.

ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "వద్దమ్మా. ఆ గొలుసులో నూట పధ్నాలుగు లింకులు. ఒక్కోటీ ఈ వేళ్ళతో తడిమి చూసే పంపాను. పొరపాటు ఎక్కడ చేశానో ఇప్పటికీ తెలియట్లేదు. తెలిస్తే దిద్దుకునేవాణ్ణి. తెలియకుండా ఇంకో మనిషిని నా సైకిలెక్కించి కొండ మీంచి దింపడం తప్పు కదూ?"

ఆమె గుడ్డ చీటీ కోటు కాలర్‌కి గుచ్చింది. గుచ్చిందే మళ్ళీ తీసి మళ్ళీ గుచ్చింది.

"రేపొస్తా," అని ఆయన వెళ్ళిపోయాడు.

కోట్లు నానబెడదామని తొట్టి మీద కుళాయి తిప్పింది. కాలువ నీళ్ళు పచ్చగా రావాలి. ఇవి బూడిద రంగులో వచ్చాయి. నిద్ర లేచి దిగివచ్చిన బావ అలవాటు కొద్దీ వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పే. కానీ ద్వీపం ఉప్పు కాదిది. కాస్త డీజిల్ వాసన కూడా ఉంది. కొత్త రేసేమైనా చూస్తున్నావా? గోడ మీద లేదే?"

ఆమె కూడా రుచి చూసింది. పడవ అంచు రబ్బరు, భయం, ఉప్పు. రెండేళ్ళయినా నోరు మరిచిపోలేదు. గబగబా కాలువ పేజీ మూసి మళ్ళీ తెరిచింది. అవే నీళ్ళు. సరస్సు తెరిచింది. అవే. ఫోన్ ఆపేసింది. మెషిన్లలో, పైన వంటింట్లో, అన్ని కుళాయిల్లోనూ అవే.

ఐదింటికి అక్క వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "రేపటికి అరవై దుప్పట్లు! ఏం తెరిచావే?"

"ఏం తెరవలేదక్కా."

"తెరవకుండా ఎలా వస్తాయి? నువ్వు ఏ రేసులో ఉంటే ఆ నీళ్ళే కదా వచ్చేది."

ఎప్పటిలా విసుగ్గానే అంది అక్క. ఆమె మాత్రం తొట్టి అంచున కూలబడింది. నీళ్ళలో అడుగు కనపడటం లేదు. చెయ్యి పెట్టింది. మోచేయి మునిగింది, భుజం మునిగింది, వేళ్ళకి ఏమీ తగల్లేదు. ఊపిరి అప్పటిలాగే గొంతులో ఇరుక్కుంది. పట్టుకోవడానికి పడవ లేదు.

"గొలుసు తెగలేదక్కా."

"ఏంటీ?" మెషిన్ల హోరులో అక్కకి వినపడలేదు.

"గొలుసు తెగలేదు!"

బావ రెండు మెషిన్లూ ఆపేశాడు. అంత నిశ్శబ్దంలో మూడోసారి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. అయినా చెప్పింది. పడవ, దుప్పటి, స్టేషన్లో చెత్తబుట్ట, ఏదీ దాచకుండా చెప్పింది.

బావ బట్టల మూట మీద కూర్చుండిపోయాడు. "మరి నేను కనపడ్డ ప్రతివాడికీ చెప్పానే. మా చేపపిల్ల ఈతలో దూసుకుపోయింది, ఆ గొలుసే ముంచిందని. సైకిళ్ళ వాళ్ళందర్నీ కొత్త షాపుకి పంపింది నేనే."

"చిన్నప్పుడు అద్దం పగలగొట్టి పిల్లి మీద చెప్పావు," అంది అక్క. "పిల్లి కాబట్టి సరిపోయింది. ఈయన మనిషే! నీళ్ళంటే భయమేసిందంటే ఎవరైనా కొరికేస్తారా నిన్ను?"

"పొద్దున లేస్తే చేపపిల్లా చేపపిల్లా అంటుంటే ఎలా చెప్పను?"

బావ తల దించుకున్నాడు. ఆమె చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. ఎప్పుడు తగిలిందో తెలియదు గానీ, వేళ్ళ కింద ఇప్పుడు గరుగ్గా, చల్లగా సిమెంటు ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి పూర్తిగా లోపలికి తీసుకుంది.

నీళ్ళు మాత్రం మారలేదు. అక్క వేలు ముంచి చూసి, "ఇంకా ఉప్పే," అంది. తర్వాత మెల్లగా, "నాకు చెప్తే ఏం లాభం చెప్పు," అంది.

ఐదుంబావు. ఆమె ఫోన్ మళ్ళీ ఆన్ చేసి సరస్సు రేసు ఫారం తెరిచింది. ఇన్నాళ్ళూ పేజీ చూడటమే గానీ ఫారం దాకా ఎప్పుడూ పోలేదు. వయసు, బరువు, చొక్కా కొలత నింపుకుంటూ పోయింది. చివర్లో ఒక గడి దగ్గర ఆగింది. ఈ రేసులో దారి పొడుగునా సాయానికి నిర్వాహకులు ఎవరినీ పెట్టరట. ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. సరస్సులోంచి వచ్చేటప్పుడు ఒడ్డున చెయ్యందించడం, కొండల్లో వెనకే రావడం, సైకిల్ చెడితే బాగుచేయడం ఆ మనిషి పని. పేరూ నంబరూ ఇక్కడ రాయండి.

బావ భుజం మీంచి చదివాడు. "నేనొస్తా. నేను చేసిన పనికి ఆ మాత్రం చేయొద్దా?"

"బావా, నీకు చక్రానికి గాలి కొట్టడం కూడా రాదు."

"నేర్చుకుంటా!"

"ఎవరి దగ్గర?" అంది అక్క.

ఆ గడిలో పట్టే పేరు ఒక్కటే, అది ముగ్గురికీ తెలుసు. రాయడానికి ఆమెకి హక్కు లేదనీ తెలుసు. ఆయన కాదంటే సరస్సు పోతుంది. ఇక జన్మలో ఆ షాపు గుమ్మం తొక్కనివ్వకపోవచ్చు. అయినా ఒక మనిషి తన వేళ్ళని తనే నమ్మకుండా రెండేళ్ళుగా పంక్చర్లు వేసుకుంటున్నాడు. రేసు ఉన్నా పోయినా ఈ మాట ఆయనకి చేరాల్సిందే.

సందు చివరికి నడిచి చెప్పొచ్చు, నూరడుగులు కూడా ఉండదు. కానీ ఆ నూరడుగుల్లో తనకి నూరు సాకులు దొరుకుతాయని ఆమెకి తెలుసు. సగం దారిలో వెనక్కి తిరిగిన రోజులున్నాయి. ఫోనైతే ఆయన గొంతు వినపడిన మరుక్షణం చెప్పేయాలి.

ముందు గొలుసు. అది విని ఆయన పెట్టేస్తే పెట్టేయనీ. తిట్టినా పూర్తిగా విని ఊరుకోవాలి, ఏడవకూడదు. అప్పటికీ లైన్లో ఉంటేనే సరస్సు సంగతి అడగాలి.

కుళాయిలోంచి బూడిద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మారేదాకా ఆగడం అనవసరం అనిపించింది. ఆమె చెయ్యి హోటల్ దుప్పటికే తుడిచేసుకుంది. ఫారం అలాగే వదిలేసి, రెండేళ్ళుగా ఒక్కసారి కూడా నొక్కని ఆ నంబరు వెతికి బయటికి తీసింది.